ఒక బిళ్ల తక్కువ

రోజు 3

నువ్వు రాసిచ్చిన సూచనల్లో మొదటిదే తప్పు, వెంగమాంబా. "అక్కడ బేరమాడకండి పెద్దమామ్మా, పరువు పోతుంది. అడిగినంత ఇచ్చి, పైన కొంచెం టిప్పు పెట్టండి" అన్నావు. అక్షరం పొల్లుపోకుండా పాటించాను. ఫలితంగా ఇవాళ ఒక పరాయి మగాడు నన్ను భుజాన వేసుకుని నాలుగు సొరంగాలు పరిగెత్తాడు. పరువు సంగతి నువ్వే ఊహించుకో.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇక్కడ గదుల్లో కుళాయిలుండవు. చంద్రుడి నేలలోంచి మంచు తవ్వి, కరిగించి, క్యానుల్లో ఇంటింటికీ మోస్తారు. పొద్దున్న ఎనిమిదింటికి నీళ్లాయన తలుపు కొట్టి, "ముప్పయ్యారు బిళ్లలమ్మా" అన్నాడు. గోడమీద తెరలో క్యాను ధర పన్నెండు అని ఇంతింత అంకెల్లో వెలుగుతోంది. మూడింతలు! నోటిదాకా వచ్చింది. నీ సూచన గుర్తొచ్చి మింగేశాను. ముప్పై ఆరూ లెక్కపెట్టి ఇచ్చి, పైన నాలుగు బిళ్లలు పెట్టి, "ఉంచుకో నాయనా" అన్నాను.

అతని మొహంలో రంగు పోయింది.

"అమ్మా, ఏడు తొమ్మిదులెంత?" అన్నాడు.

ముప్పై ఏళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. నీళ్లు మోసే మనిషి ఎక్కం అప్పజెప్పమంటే నోట మాట రాలేదు. అంతే, క్యాను వదిలేశాడు. ఇక్కడ ఏ వస్తువైనా తీరిగ్గా పడుతుంది. అది నేలకి తగిలేలోపు నేను అతని భుజం మీద ఉన్నాను. కింద భూమ్మీద నా బరువు అరవై ఆరు కిలోలు, ఇక్కడ పదకొండు. పిల్లినెత్తుకున్నట్టు ఎత్తుకుని, "పదిహేడో గదిలో గాలి సెడింది! తప్పుకోండి, గాలి సెడింది!" అని కేకలు వేస్తూ పరుగు.

గాలిహాల్లో పడుకోబెట్టి మూతికి గొట్టం తగిలించారు. గొట్టం తీశాక నేను మాట్లాడిన మాటలు విని గాలి బాగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

నీళ్లాయన పేరు అసిరయ్య. మూడు తరాల కిందట ఈ సొరంగాలు తవ్వడానికి శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ల మనవడు. భాష అక్కడిదే, కింద ఎవరూ మాట్లాడనంత స్వచ్ఛంగా ఉంది. మూసిన గదిలో గాలి పాడైతే లోపలున్నవాళ్లకి తెలియదట. ముందుగా పోయేది లెక్క, తర్వాత కోపం.

"అందుకేనమ్మా, మేం మూడింతలు సెప్తాం" అన్నాడు. "తిట్టి బేరమాడినోలికి బుర్ర పన్జేత్తున్నట్టు. అడిగినంతా ఇచ్చీసి, పైన ఇంకో నాలుగు పెట్టినోలంటే, ఇంకేటుంది, పోతన్నట్టే."

"గాలి కొలిచే యంత్రం లేదా మీ ఊళ్లో?"

"ఉందమ్మా. మా తాత సచ్చిపోయిన్నాడు కూడా ఉంది."



రోజు 6

ఇవాళ అసిరయ్యని ముప్పై ఆరు నుంచి పదమూడుకి దించాను. పావుగంట పట్టింది. తీరా పదమూడు బిళ్లలు చేతిలో పెడితే ఒకటి తిరిగిచ్చేశాడు. కుదిరిన బేరంలో ఒక బిళ్ల తక్కువ పెట్టాలట. "ఆ ఒక్కటీ రేపమ్మా." మొత్తం తీర్చేస్తే రేపు రావద్దని చెప్పినట్టు. దీన్నంతా మోసం అంటూ కింద పత్రికల్లో యాత్రికులు ఏడుస్తుంటారు, నువ్వూ చదివే ఉంటావు. డబ్బు పోయినందుకు కాదు, వాళ్లు బతికే ఉన్నారా అని అడిగినందుకు ఏడుస్తున్నారన్నమాట.

ఆ తర్వాత గది గోడకున్న, గాలి వడకట్టే జల్లెడ విప్పి ఉతికాను. రోజూ ఉతకాలి. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాను.

మీ మామ్మ సంగతి. కింద బరువుకి దాని గుండె అలిసిపోతోందని కదా డాక్టర్లు అరవై రోజులు ఇక్కడికి పంపారు, తోడుగా నన్ను తగిలించి. యాభై ఏళ్ల తోడికోడళ్లం. మమ్మల్నిద్దర్నీ ఒకచోట ఉంచకూడదని మీ తాతలకి తెలుసు. ఈ ఆసుపత్రికి తెలియదు. నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని, వార్డులో పనిచేసే నూకాలుతో జడ బేరం చేస్తోంది.

"పద్దెనిమిదా? వెంట్రుకకో బిళ్లా? లెక్కపెట్టుకో, నాకు పద్దెనిమిది వెంట్రుకలు లేవు."

"పందొమ్మిదున్నాయమ్మా. ఒకటి మీకని ఒగ్గేసినాను."

"ఆ ఒగ్గేసినదాన్నే జడెయ్యి. ఒక బిళ్ల ఇస్తాను."

ఏడుకి కుదిరింది. ఆరు చేతిలో పెట్టి, "ఒకటి రేపు" అని కన్నుగీటింది. వచ్చి ఆరు రోజులు. నాకు భుజాలమీద ఊరేగితే గాని బోధపడనిది, అది మంచం దిగకుండా పట్టేసింది. జడ వేస్తూ నూకాలు పేరడిగింది. యశ్విత అంటే, "పాతకాలం పేరమ్మా. మా ముత్తవ్వ పేరూ అట్టాంటిదే" అంది. నా పేరు హన్విక అని చెప్పలేదు. అందరి నవ్వూ ఒక్కరోజే ఎందుకని.

వచ్చేటప్పుడు అలవాటు కొద్దీ మరచెంబు ఊసెత్తాను. అత్తగారి ఇత్తడి మరచెంబు. దాన్ని ఆవిడ పెద్దకోడలిగా నాకే ఇచ్చారని నేను. తీర్థయాత్రకి తనతో పంపినప్పుడే తనదైపోయిందని అది. చెంబు మాత్రం దాని వంటింట్లోనే ఉంటుంది, అదే దాని వాదంలో గట్టి పాయింటు.

"ఇచ్చేస్తావా?"

"నేను చచ్చాక కూడా ఇవ్వనక్కా. మూత కూడా ఇవ్వను."

గొంతు ఖంగున ఉంది. డాక్టరు కాగితాల మీద రాసే అంకెలకన్నా నాకు అదే నమ్మకంగా అనిపించింది.

రోజు 15

పక్క గదిలో మార్తా అని చిలీ దేశపు ఆవిడ ఉండేది. ఆవిడ భర్తా మీ మామ్మ వార్డులోనే ఉండేవాడు, సోమవారం పోయాడు. పరామర్శకి వెళ్లాను. చెవిలో అనువాదం చేసే గింజ పెట్టుకుని మాట్లాడుకున్నాం. కన్నీళ్లు తుడుచుకుంటూనే ఒక మాటంది. "ఇక్కడివాళ్లు మారారు. నీళ్లాయన మొన్నటినుంచి పన్నెండే అడుగుతున్నాడు. రొట్టెలావిడా అంతే. ఇన్నాళ్లకి నిజాయితీగా ఉన్నారు."

బయట కనబడితే అసిరయ్యని అడిగాను. చెప్పడానికి మొహమాటపడ్డాడు.

"ఇంట్లో మనిసి పోయినోలకి మాట మందంగా వత్తాదమ్మా. అడిగినంతా ఇచ్చీత్తారు. అది గాలి వల్ల కాదు. ఆలని బేరంతో పరీచ్చ చెయ్యకూడదు. అందుకే నిజం ధర సెప్పీసి ఎల్లిపోతాం."

"ఎన్నాళ్లు?"

"ఆలు ఒక బిళ్ల తక్కువిచ్చిందాకా. తక్కువిచ్చినారంటే రేపు రమ్మన్నట్టు. మర్నాటి నుంచి మల్లీ ముప్పయ్యారే."

మార్తా గారికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని చాలాసేపు గుమ్మం దగ్గర నిలబడ్డాను. చెప్పలేదు. ఈ ఊరు నిజాయితీగా ఉందనుకుంటూ ఆవిడ నిన్న ఓడ ఎక్కేసింది.

రోజు 22

మీ మామ్మ ఇవాళ పది అడుగులు నడిచింది. నెలరోజుల్లో ఇంటికి పంపుతానన్నాడు డాక్టరు. డాక్టరు ఫీజుని కూడా అది బేరమాడబోతే పాపం అతను కింద దేశం నుంచి వచ్చినవాడు, బిత్తరపోయాడు. నూకాలు పక్కకి తీసుకెళ్లి నచ్చజెప్పింది.

నాకు విసుగ్గా ఉంది, అంటే అంతా బాగుందన్నమాట. జల్లెడ మాత్రం చిరుగుపట్టింది.

రోజు 27

నూకాలు పరిగెత్తుకుంటూ మా గదికొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మగారు పద్దెనిమిదీ ఇచ్చీసినారమ్మా."

"ఏమిటి?"

"జడకి. పద్దెనిమిదంటే పద్దెనిమిదీ ఇచ్చీసినారు. పైన రెండెట్టి, ఉంచుకో తల్లీ అన్నారు. నాను గంట నొక్కీసినాను. మంచంతో సహా గాలిహాలుకి తోసుకుపోయినారు."

వెళ్లాను. ఈ కొస నుంచి ఆ కొసకి గెంతుకుంటూ వెళ్లాను, డెబ్బై ఎనిమిదేళ్లదాన్ని. గాలి కొలిచారు, బాగుంది. గొట్టం మార్చి మళ్లీ కొలిచారు, బాగుంది. గాలి బాగుంటే సంతోషించడం ఇక్కడి వాడుక. ఆ హాల్లో ఇవాళ ఎవరూ సంతోషించలేదు.

డాక్టరు చెప్పింది నీకూ పంపారు కాబట్టి మళ్లీ రాయను. గుండె రక్తం తోడటం తగ్గించింది. ఇంతకన్నా తేలికైన చోటు ఎక్కడా లేదు, పంపడానికి.

నువ్వు పై వారం గురువారం ఓడకి బయల్దేరుతున్నానన్నావు. సరే. ఆ ఓడ ఇక్కడికి చేరడానికి పన్నెండు రోజులు. మీ మామ్మతో చెప్పాను. "ఎందుకే దానికి ఖర్చు" అంది. ఖర్చు గురించి మాట్లాడింది కదా అని కాసేపు ఆశపడ్డాను.

రోజు 31

మీ మామ్మ అందరికీ టిప్పులిస్తోంది.

దుప్పట్లు మార్చే మనిషికి, గంజి తెచ్చేవాడికి, నేల తుడిచే ముసలాయనకి. అందరి పాత బిళ్లలూ తీర్చేసి, పైన ఒకటో రెండో. ప్రతివాళ్లూ భయపడి గంట నొక్కడమే. మూడుసార్లు మంచం తోసుకెళ్లి, చివరికి తలవైపు ఒక పలక కట్టారు: ఇక్కడ గాలి బాగుంది. ఆ పలక చదివినవాళ్లు బిళ్లలు తీసుకుని తలొంచుకు వెళుతున్నారు. జీవితమంతా కూరగాయల బండి దగ్గర కొసరు కరివేపాకు కోసం నిలబడ్డ మనిషి, చేతికి ఎముక లేనట్టు పంచుతుంటే ఈ ఊళ్లో ఒక్కరూ ఆనందించలేకపోతున్నారు.

కోప్పడ్డాను. "దానకర్ణుడి చెల్లెలివా? ఒక బిళ్ల తక్కువ పెట్టడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదక్కా" అంది.

నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఆ మరచెంబు నీదేలే."

నాకు వినబడింది. వినబడనట్టు దుప్పటి సర్దుతున్నాను.

"అత్తయ్యగారు నీకే ఇచ్చారు. నా ముందే ఇచ్చారు. నాకు తెలుసు. వెంగమాంబని తెచ్చివ్వమంటాను."

"నాకక్కర్లేదు. యాభై ఏళ్లు నీళ్లు తాగావు కదా అందులో, నీ ఎంగిలి చెంబు నాకెందుకు? కావాలంటే సగం చెంబు ఇవ్వు, చాలు. పోట్లాడవేం?"

"మొత్తం తీసుకో" అని, కళ్లు మూసుకుని, "మూత కూడా" అంది.

చెంబు బేరం. మూత టిప్పు.

నేను లేచి గంట నొక్కాను, వెంగమాంబా. గాలి బాగుందని నాకు తెలుసు. నా కళ్లెదుటే పలక ఉంది. అయినా నొక్కాను. వాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. నూకాలు నా వేలు మీట మీదనుంచి మెల్లిగా తీసింది.

రోజు 33

పొద్దున్న ఎనిమిది. చిరిగిన జల్లెడకి కుట్టు వేసి ఆరేస్తుంటే అసిరయ్య తలుపు కొట్టాడు. క్యాను చప్పుడు కాకుండా గుమ్మంలో దించాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. అతని రోజు ఆసుపత్రి వార్డుల్లో నీళ్లు పొయ్యడంతో మొదలవుతుంది. మా వరస ఆ తర్వాత. ఆ సంగతి నాకు తెలుసు.

"పన్నెండమ్మా" అన్నాడు.

"ఎంతన్నావు?"

"పన్నెండు."

"ముప్పై ఆరు కదా?"

క్యానుని గుమ్మం లోపలికి జరిపాడు.

"నిన్న ముప్పై ఆరన్నావు. మొన్నా అంతే అన్నావు. ఇవాళేం, నీళ్లు చౌకయ్యాయా? పోనీ ఇరవై నాలుగను. ఇరవై నాలుగిస్తాను."

"లేదమ్మా."

"పద్దెనిమిదను, అసిరయ్యా. నీకు పుణ్యముంటుంది. పద్దెనిమిదను, నేను నిన్ను తిడతాను, నువ్వు నీ పిల్లల మీద ఒట్టేసుకో. రోజూ వేసుకుంటావుగా? పదమూడుకి దిగుదాం. ఒకటి రేపిస్తాను. రేపు రా. రేపు రావూ?"

"పన్నెండేనమ్మా" అన్నాడు.

సంచీ విప్పి బిళ్లలు లెక్కపెట్టాను. పన్నెండు. రెండోసారి లెక్కపెట్టినా పన్నెండే వచ్చాయి. తీసుకున్నాడు. పదిహేడేళ్లనుంచి ఈ సొరంగంలో నీళ్లు మోస్తున్నాడట. గుమ్మంలో అంతసేపు ఊరికే నిలబడటం ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

ఆసుపత్రి నుంచి కబురు ఇంకో పావుగంటకి వచ్చింది. చాలా మర్యాదగా, ఒక్క తప్పు లేకుండా రాశారు. తెల్లవారుజామున నిద్రలోనేనట.

ఏడు తొమ్మిదులు అరవై మూడు. ఎనిమిది తొమ్మిదులు డెబ్బై రెండు. ఈ గదిలో గాలి బాగానే ఉంది.

రోజు 36

ఇక్కడ మనిషిని కాల్చడానికి గాలి ఇవ్వరు. మనిషిని తోటకిస్తారు. సొరంగాల చివర పెద్ద అద్దాల గది, లోపల తెచ్చిపెట్టిన మట్టి. దోసపాదులు, గోంగూర, రెండు నిమ్మచెట్లు. మీ మామ్మకి గోంగూర మడి పక్కన చోటు దొరికింది. దానికి గోంగూర పడదు. చెప్పబోయాను. ఎవరితో చెప్పను? ఇష్టం లేని పక్క మడితో పోట్లాడుకుంటూ కాలక్షేపం చేస్తుందిలే అని ఊరుకున్నాను.

కిందనుంచి వచ్చినవాళ్ల పద్ధతులు అడిగి తెలుసుకున్నారు. నువ్వు తెరమీద చూస్తూ చెప్పిన మంత్రాలు నూకాలు కూడా అంది, ఉచ్చారణ నీకన్నా నయం.

ఇప్పుడు అందరూ నాకు నిజం ధరే చెబుతున్నారు. రొట్టెలావిడ "నాలుగమ్మా." చెప్పులు కుట్టే ఆయన "ఆరమ్మా." అంతే. అంకె చెప్పి, తలొంచుకుని, వెళ్లిపోతారు. పొద్దుటినుంచి సాయంత్రందాకా నాతో మాట్లాడినవన్నీ కలిపితే పది మాటలుండవు. నేను ఇవాళ కావాలని రొట్టెలావిడతో "నాలుగెందుకు, మూడిస్తాను" అనబోయాను. నోరు తెరిచాను, మాట మందంగా వచ్చింది. ఆవిడ నా చేతిలోంచి నాలుగు తీసుకుని, రెండు చేతులతో రొట్టె అందించింది.

రోజు 38

రేపు నీ ఓడ మధ్యలో ఆగే మజిలీకి చేరుతుందని రాశావు. అక్కడ సామాన్లు మార్చుకునేటప్పుడు ఇది చదువు.

మీ మామ్మ చివర్లో ఎవరికైనా ఏమైనా ఇవ్వవలసింది ఉండిపోయిందా, వచ్చి తీర్చేస్తాను అని అడిగావు. ఏమీ లేదు. వార్డంతా తిరిగి అడిగాను. అందరికీ తీర్చేసింది. నాకూ తీర్చేశాననుకుంది.

తోటలో మొక్క వెయ్యాలంటే నలభై రోజులు మనవాళ్లే నీళ్లు పొయ్యాలట, మన చెంబుతోనే. అందుకని ఆ అరవై రోజులూ అయ్యాక కూడా నేను ఇంకో నెల ఇక్కడే ఉంటాను. నిమ్మ మొక్క తీసుకున్నాను. మొక్కకి తొమ్మిదే అడిగారు. అసిరయ్య రోజూ వస్తున్నాడు. అతనికి ఇంకా పన్నెండూ ఇస్తున్నాను. పదకొండు లెక్కపెట్టి ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు. ఇంకొన్నాళ్లు పోనీ.

నువ్వు చెయ్యవలసింది ఒక్క పని. మరచెంబు నీ సంచిలో ఉందన్నావు కదా, మీ మామ్మ చెప్పినట్టు మూతతో సహా. మజిలీలో మీ తమ్ముడు నిన్ను కలవడానికి వస్తాడుగా. మూత విప్పు. గట్టిగా బిగిసిపోయి ఉంటుంది, ఎడమవైపుకి తిప్పు, రాకపోతే వేడినీళ్లు పొయ్యి, సుత్తితో కొట్టకు. మూత ఒక గుడ్డలో చుట్టి మీ తమ్ముడికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి వంటింట్లో పై అరలో, ఆవకాయ జాడీ పక్కన పెట్టమను. చెంబు ఎప్పుడూ ఉండే చోటే. ఎవరూ తియ్యకూడదని చెప్పు. చెంబు ఒక్కటే నాకు తీసుకురా. మూత రేపు.

ఇంకొకటి. ఓడ దిగగానే ఎడమవైపు జల్లెడ గుడ్డ అమ్ముతారు. రెండు గజాలు తీసుకో, తెల్లది, నీలిది కాదు, నీలిది రంగు దిగుతుంది. నిన్ను చూసి వాళ్లు సరైన ధరే చెబుతారు. ఆ ధరే ఇచ్చి వచ్చెయ్యి.